కొమురమ్మను తిట్టిన అరవై ఒక్క సార్లు

నమోదు 62. సోమవారం, మొదటి షిఫ్టు దిగాక

కొమురమ్మను బదిలీ జాబితాలో పెట్టారు. నాలుగో గని జట్టుకు లెఫ్ట్ వింగ్ ఆడే కొమురమ్మను, పందొమ్మిదేళ్ల పిల్లను, ఈ సీజన్‌లో పదకొండు గోల్స్ కొట్టినదాన్ని, సముద్రం మీద తేలే ఊరి జట్టుకు ఐదేళ్లకు ఇచ్చేస్తున్నారని పొద్దున క్యాంటీన్ బోర్డు మీద చూశాను. శనివారం పైకెళ్లే బండి ఎక్కిస్తారట. చేతిలో సర్వపిండి ముక్క అలాగే ఉండిపోయింది. తర్వాత తిన్నాననుకోండి, అది వేరే సంగతి.

సెలక్షన్ కమిటీ వాళ్లు ఇది చదువుతారో లేదో తెలియదు, మీ లెక్కల యంత్రం, అదే మేం పెట్టె అనేది, మాత్రం చదువుతుంది. చదవడానికే దాన్ని పెట్టారు. గ్యాలరీలో సీటు కావాలంటే ప్రతి అభిమానీ మ్యాచ్ అయ్యాక తన అభిప్రాయం ఇలా నమోదు చేయాలి. అన్నీ పెట్టె చదివి ఎవరిని ఆడించాలో, ఎవరికి శిక్షణ ఇవ్వాలో, ఎవరిని వదిలించుకోవాలో తేల్చాలి. పైరవీలుండవు, కార్మికుడి మాటే చెల్లుతుంది అన్నారు. మరి ఇది ఏ కార్మికుడి మాట? నాకు వాడి పేరు కావాలి. వాడి షిఫ్టు నంబరు కావాలి. వాడిని మూడో మట్టం నీళ్ల పంపు దగ్గరికి తీసుకెళ్లి మాట్లాడాలి.

నా పని గాలి పంకాల జాలీలు కడగడం. ఎండకు తాళలేక మనం గనుల్లో బతుకుతుంటే, పైన యాభై నాలుగు డిగ్రీల్లో కాలిన దుమ్మంతా ఆ జాలీల్లో చిక్కుకుంటుంది. షిఫ్టుకు పద్దెనిమిది కడగాలి, ఇవాళ కోపంలో పన్నెండే కడిగాను. మీకు దగ్గు వస్తే ఎందుకొచ్చిందో తెలిసింది కదా.

ఇంకో మాట. రైట్ బ్యాక్ రాజమల్లు బుధవారం మళ్లీ ఆడుతున్నాడు. వరుసగా ఇరవై మూడో మ్యాచ్. రాజమల్లు మంచివాడు. ఎవరింట్లో బియ్యం బస్తా మోయాలన్నా ముందుంటాడు. బంతి వచ్చినప్పుడు మాత్రం పక్కకు జరిగి దారి ఇస్తాడు, పెళ్లిపందిట్లో ముసలమ్మలకు ఇచ్చినట్టు. అతన్ని ఉంచి ఆమెను పంపుతున్నారు. కారణం కాగితం మీద చూపించండి. రేపు ఆఫీసుకు వస్తున్నాను.

నమోదు 63. మంగళవారం, మధ్యాహ్నం

వెళ్లాను. వెళ్లకుండా ఉండాల్సింది.

సెలక్షన్ ఆఫీసులో కూర్చునేది జబీన్ మేడం ఒక్కతే. మిగతాదంతా పెట్టె. ఆమె ముందు నిలబడి, రాత్రంతా కూడబెట్టుకున్న మాటలు నిలువునా కుమ్మరించాను. ఆమె మొత్తం విని, టీ తాగి, ఒక కాగితం తీసింది.

"కొమురమ్మ. బదిలీ కారణం, అభిమానుల తిరస్కారం. అందరికంటె ఎక్కువ తిరస్కారం ఈ పిల్లకే ఉన్నది, ఓదెలూ."

"ఎవరు మేడం ఆ దొంగలు? పేర్లు చదువుండ్రి."

"పేర్లు చెప్పొద్దు. మాటలు చదువుత." ఆమె కళ్లద్దాలు పైకి జరిపింది. "‘దీన్ని ఆడించే బదులు ఆ జాగల ఒక మొద్దును నిలబెట్టండి. మొద్దయితే కనీసం ఊపిరి పీల్చి గాలి ఖర్చు చెయ్యదు.’ యా అల్లా. ఎంత కచ్చ ఉన్నదో చూడు వానికి."

నేను గోడ మీది క్యాలెండర్‌లో తేదీలు చదవడం మొదలుపెట్టాను.

"‘దీని పరుగు చూస్తే కుంటి మేక నయం.’ ‘దీనికి గోల్ కనబడది, దీపం కట్టండి.’ ఇదంతా ఒక్కడే రాసిండు. అరవై ఒక్క నమోదులు. ఒక్క మ్యాచ్ ఇడువలే."

"మేడం, నీళ్లున్నయా?"

ఆమె నా మొహం చూసింది, కాగితం చూసింది, మళ్లీ నా మొహం చూసింది. ఆమెకు అర్థమైంది. నీళ్లు ఇచ్చింది.

కాబట్టి ఆ దొంగ పేరు ఓదెలు, మొదటి షిఫ్టు, జాలీల సెక్షన్. నిన్న వాడిని పంపు దగ్గరికి తీసుకెళ్తానన్నాను. తీసుకెళ్లాను కూడా. తల మీద నీళ్లు పోసుకుని వచ్చాను.

ఇప్పుడు పెట్టెకు ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే దాన్ని తయారు చేసినవాళ్లు చెప్పలేదు. మా దగ్గర నచ్చినదాన్ని నచ్చిందనరు. చంటిపిల్ల ముద్దుగా ఉంటే "ఏం కోతి మొహమే" అని బుగ్గన కాటుక చుక్క పెడతారు. ముద్దుగా ఉందని నోరు జారితే దిష్టి తగిలి సాయంత్రానికి ఒళ్లు కాలుతుంది. ఆటలోనూ అంతే. రెండేళ్ల కిందట మా గోల్‌కీపర్ సమ్మయ్యను చూసి లస్మవ్వ "వీడు గోడరా" అనేసింది. వారం తిరగకుండా అతని మోకాలు పోయింది. లస్మవ్వ మా గ్యాలరీలో అందరికంటే పెద్దది, డెబ్బై రెండేళ్లు. ఆ రోజు నుంచి ఆమె కూర బాగుందని కూడా అనదు.

నేను సొంతంగా సైన్స్ పుస్తకాలు మూడు చదివాను. దిష్టిని నమ్మను. నమ్మను గానీ, మెచ్చుకోను కూడా. ఎందుకొచ్చిన తంటా? అందుకని కొమురమ్మ బాగా ఆడిన కొద్దీ గట్టిగా తిట్టాను. ఆమె ఎంత గొప్పగా ఆడితే నాకు అంత గొప్ప తిట్టు పుట్టేది. నిజం చెప్పాలంటే, ఆ తిట్ల మీద నాకు కొంచెం పొగరు కూడా ఉండేది. క్యాంటీన్‌లో నలుగురికి చదివి వినిపించేవాణ్ణి.

మరి రాజమల్లు? అతన్ని ఎవరు తిడతారు? అతనికి దిష్టి తగలడానికి ఏముంది? మంచి మనిషి, బాధపడతాడని అందరం "పర్వాలేదు, బాగానే ఆడాడు" అని రాస్తూ వచ్చాం. మీ పెట్టె లెక్కలో నాలుగో గని గుండెల్లో గుడి కట్టుకున్నది రాజమల్లుకు.

బయలుదేరుతుంటే మేడం ఇంకో కాగితం చూపించింది. ఎనిమిది నెలల కిందట కొమురమ్మకు కుడి కాలి శిక్షణ ఇవ్వాలని కోచ్ అడిగాడట. పెట్టె వద్దంది. ఆధారం, నా నమోదు 27. "దీనికి ఉన్న ఒక్క కాలే ఎక్కువ, రెండోది దండగ." ఆ వాక్యం రాసిన రోజు నేను ఎంత నవ్వానో గుర్తుంది.

"పెట్టెకు దిష్టి సంగతి చెప్పరాదా మేడం?"

"నేనెట్ల చెప్త? నువ్వే రాయి. కని, తొమ్మిదో రూలు సదివినవా? అబద్ధం రాసిన అని ఒప్పుకుంటె సీజనంత సీటు పోతది."

చదివాను. ఇప్పుడే. పైన ఎందుకు తిట్టానో రాశాను గానీ, అబద్ధమన్న మాట ఇంకా రాయలేదు, గమనించండి.

నమోదు 64. బుధవారం, మ్యాచ్ అయ్యాక

సీటు పోకుండా ఒక ఉపాయం ఆలోచించాను. నా ఉపాయాలు ఎలా ఉంటాయో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

ఉపాయం ఇదీ. ఇవాళ ఐదో గనితో మ్యాచ్. గ్యాలరీలో నూటెనభై మందిమి ఉంటాం. అందరం ఒక్కసారిగా కొమురమ్మను పొగడాలి, పొగుడుతూ రాయాలి. పెట్టె మనసు మార్చుకోవాలి. మ్యాచ్‌కు ముందు అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. అందరూ తలలూపారు, లస్మవ్వ తప్ప.

"పొగుడుడా?" అంది. "ఆడివిల్లను? నూటెనభై నోర్లు ఒక్కతాన? నువ్వు దాన్ని సముద్రానికి తోలకుండ ఆపుతున్నవా, సీదా కాటికే తోల్తున్నవా?"

"అవ్వా, గదంత ఉత్త నమ్మకం."

"ఉత్తదైతె మొదలు నీ పెద్దకొడుకును పొగుడు."

"నాకింక లగ్గమే కాలే."

"గందుకే గీ మాటలు."

చివరికి ఆమె తన సీటు కిందున్న ఉప్పు పొట్లం తీసి గుప్పిట పట్టుకుని, "మీరు మొత్తుకోండ్రి, నేను తిప్పి పారేస్త" అని ఒప్పుకుంది.

మా మైదానం ఎలా ఉంటుందో పెట్టెకు తెలియదు, అది ఎప్పుడూ రాలేదు. పాత గనిలో బొగ్గు తీసి, కప్పు కూలకుండా వదిలిన ఆరు రాతి స్తంభాల మధ్య ఆడతాం. కప్పు ఎత్తు నాలుగు మీటర్లు. బంతి కప్పుకు తగిలితే ఫౌల్. అందుకని ఇక్కడ ఆట అంతా నేల మీదే. మిగతావాళ్లు స్తంభాలను తప్పించుకుని ఆడతారు. కొమురమ్మ వాటితో కలిసి ఆడుతుంది.

ఈల మోగింది. ఆమె ఎడమ పక్క బంతి అందుకుంది. నేను లేచి నిలబడి, "కొమురమ్మ మస్తు ఆడుతున్నది" అని అరిచాను. నూటెనభై మంది అందుకున్నారు. "కొమురమ్మ బంగారం. కొమురమ్మ మా పాణం." గొంతులు అలవాటు లేక, శవం ముందు ఏడ్చినట్టు వచ్చాయి. మూడేళ్లలో ఆ గ్యాలరీ నుంచి అలాంటి మాట ఆమె వినలేదు. పరిగెడుతూనే తల తిప్పి మా వైపు చూసింది. ఎవరైనా చచ్చిపోయారేమో అనుకుందట. ఎదురుగా మూడో స్తంభం ఉంది.

భుజం స్తంభానికి కొట్టుకుంది. పెద్ద దెబ్బ కాదు. కానీ బంతి ఐదో గని వాళ్లకు పోయింది, వాళ్లు రాజమల్లు వైపు వచ్చారు, రాజమల్లు దారి ఇచ్చాడు. ఒకటి సున్నా. అక్కడితో అయిపోయింది.

లస్మవ్వ నా వైపు తిరగలేదు కూడా. ఖాళీ గుప్పిట చూపించి, "ఉప్పు సరిపోలే" అంది.

అయినా నూటెనభై మందిమీ ఒక్క ఉమ్మడి కాగితం మీద పొగుడుతూ రాశాం. గంటలో బోర్డు మీద పెట్టె జవాబు వచ్చింది. "లెఫ్ట్ వింగ్‌పై వచ్చిన ప్రశంసలు ఓటమి తర్వాత రాసినవి, పాత నమోదులకు పొసగనివి. వ్యంగ్యంగా పరిగణించడమైనది. తిరస్కారం పెరిగింది. బదిలీ ఖరారు."

తిడితే నమ్మింది. పొగిడితే వెక్కిరింత అంది. అరవై ఒక్కసార్లు కష్టపడి నేను సంపాదించుకున్న పేరు ఇదీ.

నమోదు 65. గురువారం, మొదటి షిఫ్టు దిగాక

కొమురమ్మ దగ్గరికి వెళ్లాను. మూడేళ్లుగా ఆమె గురించి రాస్తున్నాను గానీ ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. మాకు దగ్గరి చుట్టమన్నట్టు రాసేవాణ్ణి.

ఆమె పని లాంప్ రూములో, హెడ్‌లైట్లు చార్జింగుకు పెట్టడం. డ్యూటీ దిగాక మైదానంలో ఒక్కతే ఉంది. నాలుగో స్తంభానికి కుడి కాలితో బంతి కొడుతోంది. సగం గురి తప్పుతున్నాయి. నేను గట్టు మీద నిలబడి ఎలా మొదలుపెట్టాలా అని చూస్తుంటే ఆమే అంది.

"కుంటి మేక నయమా?"

"నేనని ఎట్ల ఎరుక?"

"నీ మోతాదు తిట్లు ఇంకెవరికి రావన్నా. మంచి మంచియి కోచ్ సారు మా గదిల అంటిస్తడు. అరవై ఒక్కటి సదివిన."

నేను రాత్రంతా సిద్ధం చేసుకున్న ప్రసంగం అప్పజెప్పాను. దిష్టి, సమ్మయ్య మోకాలు, పెట్టె తెలివితక్కువతనం. పెట్టె గురించి చెప్పినప్పుడు గొంతు బాగా పెంచాను, నా వంతు కొంచెం చిన్నగా వినిపిస్తుందని. ఆమె బంతిని కాలి కింద ఆపి విన్నది.

"దిష్టికని నాకు ఎరుకనే," అంది. "నేనేమన్న వేరే దేశంల పుట్టిన్నా? మా అవ్వ గూడ తిడ్తది. దయ్యం మొకందానా అంటది. గని, తిట్టినంక అన్నం పెడ్తది. గప్పుడు తెలుస్తది గది దిష్టికని. నువ్వేం పెట్టినవన్నా?"

జేబులు తడుముకున్నాను. జాలీలు కడిగే బ్రష్షు తప్ప ఏమీ లేదు.

"ఒక్కనాడు," అంది, "మ్యాచ్ అయినంక లాంప్ రూము కిటికీ కాడికొచ్చి, చిన్నగ, ఎవరికి ఇనవడకుంట, మంచిగాడినవ్ చెల్లె అంటె అయిపోవు. దిష్టి గూడ కిటికీ కాడ దాక రాదు. ఎన్మిది నెలలాయె కుడికాలు సొంతంగ నేర్సుకోవట్టి. ఎవరు బంతి అందియ్యరు. నేనే కొట్టాలె, నేనే తెచ్చుకోవాలె."

బంతి నా వైపు దొర్లింది. అందించాను. కొట్టింది. తిరిగొచ్చింది, అందించాను. కాసేపు అలా చేశాం. నావి జాలీలు కడిగే చేతులు, కాళ్లయితే ఇంకా అధ్వానం. రెండుసార్లు పక్కనున్న నీటి కాలవలోకి తన్నాను, దిగి తెచ్చాను.

తర్వాత నా అసలు మాట చెప్పాను. "నువ్వు ఫికర్ చెయ్యకు. సీటు పోతె పోయింది, రేపు నిజం రాస్త. నిన్ను పోనియ్య. ఆ తేలే ఊర్ల స్తంభాలు లెవ్వు, కప్పు లేదు. ఉత్త మైదానం. నీ ఆట అక్కడ దండుగైతది."

ఆమె నన్ను చూసి నవ్వింది. మంచి నవ్వు కాదు.

"మల్లొకసారి రాస్తున్నవా?"

"అంటె?"

"స్తంభాలు లేకుంటె నేనెట్ల ఆడ్తనో నీకెట్ల ఎరుక? నాకే ఎరుకలే. బంతి పైకి కొడితె ఎంత దూరం పోతదో నేను ఎన్నడు సూడలే. సూడాలని ఉన్నదేమో. లేదేమో. మా అవ్వను ఇడిసి ఐదేండ్లు ఉండుడు నాతోని కాదేమో. ఎవరన్న అడిగిన్రా? పెట్టె నిన్నడిగింది. లస్మవ్వనడిగింది. రాజమల్లు బావ గూడ ఏదో రాసే ఉంటడు. గా నమోదుల పుస్తకంల నాకు పేజీ లేదన్నా. ఆడెటోళ్లకు పేజీ ఉండదు."

"నేనడుగుతున్న. పోతవా, ఉంటవా?"

"నీకు చెప్తె రేపు పొద్దుగాల రాస్తవు."

రాసేవాణ్ణే. ఇదిగో, మిగతాదంతా రాస్తూనే ఉన్నాను కదా.

నమోదు 66. శుక్రవారం, ఉదయం, షిఫ్టు మొదలుకాక ముందు

కొమురమ్మ విషయంలో నమోదు 1 నుంచి 61 వరకు నేను రాసినవి అబద్ధాలు. ఎవరూ బలవంతం చేయలేదు. తొమ్మిదో రూలు చదివే రాస్తున్నాను. నా సీటు పన్నెండో వరుసలో, ఐదో స్తంభం పక్కన. అక్కడ నుంచి కుడి గోల్ కనిపించదు, తర్వాత వచ్చేవాడికి ముందే చెప్పండి.

నిజం ఇది. మూడో గనితో ఆడిన రోజు ఇద్దరు ఆమె మీదికి వచ్చారు. ఆమె బంతిని నాలుగో స్తంభానికి ఏటవాలుగా కొట్టి, స్తంభానికి ఇవతలి నుంచి వాళ్లిద్దరి మధ్యగా దూరి, అవతల బంతి వచ్చేసరికి అక్కడ ఉంది. బంతి ఆమె కోసం ఆగలేదు, ఆమె బంతి కోసం ఆగలేదు. ఇద్దరూ చెప్పుకుని వచ్చినట్టు కలిశారు. నేను పన్నెండేళ్లుగా ఈ ఆట చూస్తున్నాను, అలాంటిది చూడలేదు. ఇంటికెళ్లి "దీనికి మనుషులు దొరకలేదు, రాళ్లతో ఆడుకుంటోంది" అని రాశాను. అది నమోదు 38. ఆ రోజు నాకు కన్నీళ్లు వచ్చాయి. అది రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. ఆమె మంచి ఆటగత్తె. మా గనిలో అంతటి ఆట ఇంకెవరిదీ కాదు. దీనివల్ల ఏదైనా జరిగితే నాకు జరగనివ్వండి. జాలీలు ఒంటి చేత్తో కూడా కడగొచ్చు.

ఆమె కుడి కాలు ఇంకా సగం గురి తప్పుతోంది. ఆ తప్పు నాదీ మీదీ. శిక్షణ ఇవ్వండి, ఏ ఊళ్లో ఉన్నా ఇవ్వండి.

ఇక రాజమల్లు. ఈ ఉదయం క్యాంటీన్‌లో అతనికి ఎదురుగా కూర్చుని, "బావా, నీకు ఫుట్‌బాల్ రాదు" అని చెప్పాను. కొట్టేస్తాడనుకున్నాను. గిన్నె కింద పెట్టి, "నాకెరుకనే బావా. రెండేండ్ల సంది ఎవరన్న అంటరేమోనని సూస్తున్న. మోకాళ్లు గుంజుతున్నయి" అన్నాడు. అతన్ని కూడా ఎవరూ అడగలేదు. మిగతా తొమ్మండుగురి సంగతి కూడా ఇంతేనేమో.

నా కోరిక. కొమురమ్మను ఉంచమని అడగడం లేదు. సోమవారం నా గోలంతా అందుకే, అప్పుడు నాకు బుద్ధి లేదు. పంపమనీ అడగడం లేదు. నా అరవై ఒక్కటీ లెక్కలోంచి కొట్టేయండి. ఖరారు కాగితం పక్కన పెట్టండి. మనిషిని, పెట్టెను కాదు, జబీన్ మేడాన్ని లాంప్ రూముకు పంపి కొమురమ్మను ఒకే ప్రశ్న అడిగించండి. పోతావా, ఉంటావా అని. పక్కన ఎవరూ ఉండకూడదు, ముఖ్యంగా నేను. ఆమె పోతానంటే రేపటి బండిలో మంచి సీటు ఇవ్వండి. ఉంటానంటే జాబితాలో పేరు కొట్టేయండి. ఆలోచించుకోవాలంటే బండిని ఆపండి.

జవాబు క్యాంటీన్ బోర్డు మీద ఉండాలి. కింద పెట్టె ముద్ర కాదు, ఆమె సంతకం ఉండాలి. గడువు ఇవాళ సాయంత్రం నాలుగు గంటలు.